దయ్యం లేదని చెప్పమన్నారు

ఇంటర్వ్యూ చేస్తామని ఫోన్ వచ్చినప్పుడు నేను హిందూపురంలో మా టైలరింగ్ షాపులో కూర్చుని ఒక పెళ్లికూతురి జాకెట్టుకు చేతులు అతుకుతున్నాను. మాట్లాడిన అమ్మాయి పేరు మౌనిక. ధర్మవరం నుంచి వెలువడే ఒక చిన్న మాసపత్రికలో పని చేస్తోంది. "మీ బ్లాగు వదలకుండా చదువుతాం మేడమ్. దయ్యాలున్నాయని జనం భయపడే చోట్లకు ఒంటరిగా వెళ్లే మహిళ అని మీ మీద నాలుగు పేజీలు వేద్దామనుకుంటున్నాం," అంది. పెనుకొండ కొండ మీద కొంతసేపు, ధర్మవరంలో ఒక పాత ఇంట్లో కొంతసేపు మాట్లాడుకుందామని చెప్పింది. నేను వెంటనే ఒప్పుకున్నాను. మా చుట్టాల్లో నా బ్లాగు గురించి మర్యాదగా మాట్లాడేవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. మిగతావాళ్లకు నేను బుద్ధి చెడి, ఆదివారాలు పాడుబడిన గోడల వెంట తిరిగే మనిషిని. నా మాట ఒకసారి అచ్చులో పడితే చదివి ఊరుకుంటారు కదా అనుకున్నాను.

ఇది పోయిన చలికాలం సంగతి. ఇప్పుడు రాయొచ్చని అనుమతి దొరికింది కాబట్టి రాస్తున్నాను. ధర్మవరంలో కలిసిన మనుషుల పేర్లు మార్చాను. వీధి పేరు ఎవరడిగినా చెప్పను. ఈ బ్లాగుకు కొత్తగా వచ్చినవాళ్ల కోసం ఒక మాట. నేను వెళ్లేది పగటిపూటే. ఆ చోట ఒక గంట ఒక్కదాన్నే కూర్చుంటాను, చూసిందీ విన్నదీ వచ్చి రాస్తాను. మంత్రాలు రావు, యంత్రాలు లేవు. నా దగ్గరుండేది ఒక గొడుగు, నీళ్ల సీసా, రెండు చెవులు.

కారు హిందూపురానికే పంపుతామన్నారు గానీ నేను వద్దన్నాను. పెనుకొండ దాకా నా ప్రయాణం నేనే చేస్తే నా మాట నా దగ్గరే ఉంటుంది. హిందూపురం బస్టాండులో పొద్దున్నే పెనుకొండ మీదుగా వెళ్లే బస్సులు వెంటవెంటనే దొరుకుతాయి. గంట, మహా అయితే గంటంబావు ప్రయాణం, టికెట్టు వంద లోపే. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు పల్లెవెలుగులో అదీ అక్కర్లేదు. సోమందేపల్లిలో బస్సు కాసేపు ఆగుతుంది, అక్కడ జామకాయలు బాగుంటాయి. నా పక్కన కూర్చున్న పెద్దామె ఒళ్లో చెనక్కాయల సంచి పెట్టుకుని నన్ను కిందికీ పైకీ చూసింది.

"యాడికి పోతాండావమ్మా?"

"పెనుకొండకు. కోట చూసేకి."

"ఒక్కదానివే?"

"ఒక్కదాన్నే అవ్వా."

"కోటలో ఏముంటాది, రాళ్లు తప్ప. మా పొలంలోనూ ఉండాయి రాళ్లు, వచ్చి ఏరిపెట్టు," అని తన మాటకు తనే నవ్వి, గుప్పెడు చెనక్కాయలు నా చేతిలో పోసింది. ఆ రోజు నన్ను చూసి భయపడనిది, నన్ను భయపెట్టాలనుకోనిది ఆమె ఒక్కతే.

పెనుకొండ బస్టాండు దగ్గర మౌనిక కారు పక్కన నిలబడి ఉంది. పాతికేళ్లు కూడా ఉండవు. మెడలో కెమెరా, చేతిలో ప్రశ్నల కాగితం. డ్రైవరు ఓబులేసు బత్తలపల్లి మనిషి. నా వయసువాడే అయినా మొదటి మాట నుంచే నన్ను అక్కా అన్నాడు. బస్టాండు ఎదురుగా తోపుడు బండి దగ్గర బొరుగులతో చేసిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. మీరు వెళ్లినా ఉదయం అదే తినండి, కొండ ఎక్కేవాళ్లకు మధ్యాహ్నం దాకా ఆకలి తెలియదు. ముందు ఊళ్లోనే ఉన్న గగన్ మహల్ చూశాం. లోపలి చల్లదనం, మెట్ల దగ్గరి మసక వెలుతురు, పైనుంచి కనిపించే కొండా కోటగోడలూ తీరిగ్గా చూడదగ్గవి. మౌనిక అక్కడ గోడల మీద పేర్లు గీకినవాళ్లను తిట్టుకుంటూ ఫొటోలు తీసింది. ఆ పిల్ల మీద నాకు మంచి అభిప్రాయం అక్కడే కలిగింది.

కొండ మీద గుడి దాకా ఘాట్ రోడ్డు ఉంది, కారు వెళ్తుంది. ఆటోవాళ్లు కూడా వస్తారు, రానుపోను బేరం ముందే మాట్లాడుకోవాలి. పైన గాలి ఎక్కువ. ఒక కూలిన మంటపంలో రాతి అరుగు మీద కూర్చున్నాం. మౌనిక ఫోనులో రికార్డింగు పెట్టి మొదటి ప్రశ్న అడిగింది.

"దయ్యాలున్నాయని మీరు నమ్ముతారా?"

"నేను నమ్మేది అడక్కు, నేను చూసింది అడుగు," అన్నాను. "నేను పోయిన చోట్లలో చానా వాటిలో ఉండేది గబ్బిలాలు, గాలి, తాగి పడేసిన సీసాలు. యాడో ఒకటి రెండు చోట్ల నాకు అర్థం కానిది జరిగినాది. అర్థం కాలేదనే రాసినా. దయ్యాల్ని నమ్మేవాళ్లు లేదన్నందుకు తిడతారు, నమ్మనివాళ్లు గట్టిగా లేదననందుకు తిడతారు. తిట్టనీ. పోయింది నేను, వాళ్లు కాదు."

"భయం లేదా మీకు?"

"ఉండాది. భయం ఉంటే ఇంట్లో కూర్చోవల్లని ఎవరు చెప్పినారు? బస్సంటే భయపడేవాళ్లు బస్సెక్కడంలే?"

తర్వాత ఆమె కాస్త మొహమాటపడుతూ, ఇంట్లో ఎవరూ అభ్యంతరం చెప్పరా, ఆడవాళ్లు ఒంటరిగా ఇలాంటి చోట్లకు వెళ్లడం మంచిదేనా అని అడిగింది. ప్రశ్న ఆమెది కాదని, ఎవరో రాసిచ్చిందని కాగితం చూస్తూ చదివిన తీరులోనే తెలిసిపోయింది. నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు.

"మౌనికా, ఇది రాసుకో. నేను పోయిన ప్రతి ఊళ్లోనూ దయ్యం ఆడదే. బాయిలో పడిన కోడలు, కాన్పులో పోయిన పిల్ల, ఉరేసుకున్న చిన్నది. మగోడు చస్తే రాయి నిలబెట్టి వీరుడంటారు, ఏటేటా టెంకాయ కొడతారు. ఆడది చస్తే దయ్యమంటారు, వేపమండతో కొడతారు. బతికుండంగా ఆమె మాట ఒక్కరూ విన్నట్లుండరు. సచ్చినాక మాత్రం ఆమె గొంతు వినపడతాండాదని ఊరంతా చెప్తారు. ఆ కథల్లో ఆడది ఎట్లా సచ్చిందో అడిగేకి పోతాండా నేను. ఆడది ఒంటిగా పోకూడదంటే, ఆమెను ఒంటిగా సంపినోళ్లను ముందు అడగమను మీ పత్రికను."

మౌనిక కాగితం వెనక ఆ మాట రాసుకుంది. ఆ తర్వాత సంచిలోంచి మడతపెట్టిన ఒక తెల్ల చీర తీసి ఒళ్లో పెట్టుకుంది. తలెత్తకుండానే, "ఎడిటర్ సార్ పంపించారు మేడమ్. జుట్టు విరబోసుకుని ఈ గోడ పక్కన ఒక ఫొటో అన్నారు. కవర్ పేజీకి," అంది.

"ఆ చీర మీ ఎడిటర్‌నే కట్టుకోమను. ఆయనకు జుట్టుంటే విరబోసుకోమను."

కారు దగ్గర బీడీ తాగుతున్న ఓబులేసు పొలమారేంతగా నవ్వాడు. మౌనిక కూడా నవ్వేసి చీర లోపల పెట్టేసింది. నా ఫొటో నేనున్నట్టే తీసింది. ముడేసిన జుట్టు, నా నీలం చీర, చేతిలో గొడుగు. గాలికి గొడుగు తిరగబడిన ఫొటో ఒకటి వచ్చింది, నాకదే నచ్చింది.

పెనుకొండ నుంచి ధర్మవరానికి రైలుంది, బస్సులున్నాయి. మేము కారులో గంటలోపే వెళ్లిపోయాం. దారిలో నేను ఓబులేసును ఆ పాత ఇంటి గురించి అడిగాను.

"నీకు చెప్పలేదా అక్కా? మా బావమరిది ఆ పక్క సందులోనే ఉండాడు. ముసలమ్మ పోయి రెండేండ్లాయె. తాళమేసిన ఇంట్లో మగ్గం ఆడతాదంట. చీర నేసి నేసి పోయిన మనిషి గదా, ఇంకా నేస్తాందంట. ఇల్లు కొనేకి వచ్చినోళ్లు ఆ శబ్దం ఇని చెప్పులు కూడా ఇడిసిపెట్టి పోయినారంట."

"నువ్వు విన్నావా?"

"నేనెందుకు పోతానక్కా ఆడికి? నాకు పెండ్లాం బిడ్డలుండారు," అన్నాడు.

మౌనిక ముందు సీట్లో కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆమెకు ఇంకేదో తెలుసని, చెప్పడానికి మనసు రావడం లేదని నాకు అనిపించింది.

ధర్మవరంలో స్టేషను వైపు ఒక మెస్సులో రాగిసంగటి, చెనక్కాయలతో చేసే ఊరిబిండి పచ్చడి తిన్నాం. ఇద్దరికి సరిపోయే ముద్ద ఒక్కరికే పెట్టి, అది తిని తీరాల్సిందేనన్నట్టు వంటామె అక్కడే నిలబడింది. తిన్నాక నేతగాళ్ల వీధుల గుండా వెళ్లాం. పట్టుచీరలు కొనడానికి ధర్మవరం వచ్చేవాళ్లు దుకాణాలు చూసి వెళ్లిపోతారు. ఈ వీధుల్లో ఒక పావుగంట నడవండి. ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడే, కానీ ఒక ఇంటి చప్పుడు ఇంకో ఇంటిలా ఉండదు. వయసును బట్టి, చేతిని బట్టి, తొందరను బట్టి మారిపోతుంది.

మేము చేరిన ఇల్లు మిద్దె ఇల్లు, వాకిలికి పెద్ద తాళం. అరుగు మీద ఇద్దరు మగవాళ్లు ఎదురుచూస్తున్నారు. ఒకాయన పత్రిక ఎడిటర్ సుధాకర్. ఇంకొకాయన వెంకటేశు, చనిపోయిన ముసలమ్మ పెద్దకొడుకు. ఇద్దరూ చిన్నప్పటి నుంచీ స్నేహితులట. ఎడిటర్ చేతులు జోడించి బాగానే పలకరించాడు. టీ తెప్పించాడు. ఆ తర్వాత అసలు సంగతి చెప్పాడు.

"పెద్ద పనేం లేదు మేడమ్. మీరు చాలా చోట్లకు వెళ్లి దయ్యం లేదని రాశారు కదా, మీ మాట జనం నమ్ముతారు. ఇక్కడ కూడా లోపల కాసేపు కూర్చుని, బయటికొచ్చి ఏమీ లేదని కెమెరా ముందు ఒక్క మాట చెప్పండి. వీడియో మా పేజీలో పెడతాం. మీ ఇంటర్వ్యూ నాలుగు పేజీలు, కవర్ మీద మీ ఫొటో."

వెంకటేశు అందుకున్నాడు. "ఇల్లు అమ్మాలక్కా. బేరం కుదరతాది, చూసేకి వస్తారు, మగ్గం శబ్దం ఇంటారు, పారిపోతారు. మా అమ్మ మంచిది. సచ్చినాక ఇట్లా అయిపాయె."

"నేను ఇంకా లోపలికే పోలేదు. ఏం చెప్పల్లో మీరే చెప్తాండారు," అన్నాను.

"ఉంటే గింటే గాలి మేడమ్, ఎలుకలు. మీకు తెలియంది కాదు," అన్నాడు ఎడిటర్.

నన్ను ఎందుకు పిలిచారో అప్పుడు అర్థమైంది. నాలుగు పేజీలు నాకోసం కాదు. నా నోటితో ఆ ఇంటికి ఒక సర్టిఫికెట్ కావాలి. మౌనిక వైపు చూశాను. ఆమె మొహం ఎర్రబడి ఉంది. వెనక్కి తిరిగి వెళ్లిపోదామనుకున్నాను, కానీ తాళమేసిన ఇంట్లో ఆడే మగ్గం అంటే నా కాళ్లు ఊరుకోలేదు. "ఒక గంట కూర్చుంటా. తలుపు బయట నుంచి వేసుకోండి, లోపలికి ఎవరూ రాకూడదు. బయటికి వచ్చినాక నేను చూసిందే చెప్తా. ఇష్టమైతే తాళం తీయండి," అన్నాను. వెంకటేశు తాళం తీశాడు గానీ గడప దాటలేదు.

లోపల దుమ్ము వాసన, దాని కింద గంజి వాసన. ముందు గదిలో ఏమీ లేదు. నడవలో ఉన్న ఒక చాప పరుచుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాను. వీధిలో మగ్గాల చప్పుడు గోడల అవతల నుంచి మెత్తగా వస్తోంది. చాలాసేపు అంతే. గంటలో సగం గడిచిందేమో, ఉన్నట్టుండి వెనక గదిలో ఒక మగ్గం ఆడింది. మూడు నాలుగు దెబ్బలు, ఆగింది, మళ్లీ మొదలైంది. గోడ అవతలది కాదు, ఇంట్లోదే. నా చేతులు చల్లబడ్డాయి. నాకు భయం లేదని నేనెప్పుడూ చెప్పలేదు కదా.  అయినా లేచి వెనక గది దాకా నడిచి తలుపు తోశాను.

గుంత మగ్గంలో ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. ముప్పై అయిదేళ్లుంటాయి. పైకప్పు గవాక్షంలోంచి పడే కాస్త వెలుతురులో ఆమె చేతులు, ఎర్రటి పట్టు, జరీ అంచు కనిపిస్తున్నాయి. ఆమె నన్ను చూసి లేవలేదు, అరవలేదు.

"అరిస్తే అరువక్కా," అంది మెల్లగా. "అరుగు మీద మీ మాటలు ఇన్నా, బయట కెమెరా ఉండాది గదా."

నేను అరవలేదు. గుంత పక్కన నేల మీద కూలబడ్డాను. ఆమే లోటాతో నీళ్లిచ్చింది.

ఆమె పేరు నాగరత్న. వెంకటేశు తమ్ముడి భార్య. మడకశిర వైపు నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చింది. భర్త జబ్బు చేసి పోయాడు, ఆ మరుసటేడు అత్త పోయింది. అత్త కర్మ అయిన వారానికే బావ వచ్చి ఇంటికి తాళమేశాడు. అమ్మి సగం ఇస్తానన్నాడు, కాగితాల మీద సంతకం పెట్టమన్నాడు. ఆమె పెట్టలేదు. వెనక సందులో ఒక గది అద్దెకు తీసుకుంది. రెండిళ్ల పెరళ్లకూ మధ్య ఒక తలుపు ఉంది. దాని తాళంచెవి అత్త ఎప్పుడో ఈమె చేతికిచ్చింది. ఆ తలుపు సంగతి బావకు గుర్తే లేదు, ఎందుకంటే ఆయన ఈ ఇంట్లో ఉండి ఏళ్లయింది.

"సగం దుడ్లు ఇస్తాడంటక్కా. ఆ దుడ్లకు ఈ ఊళ్లో మగ్గం గుంత తవ్వుకునేంత జాగా కూడా రాదు. మా అత్తకు గంజి పోసింది నేను. ఆమె కండ్లు కనపడకపోతే పోగు తోసే నాడె చేతికి అందించింది నేను. ఈ సాపు, ఈ నిలువు పోగులన్నీ ఆమే ఎక్కించినాది. ఇదో, ఈడికి ఆమె నేసింది, ఈడ నుంచి నేను నేస్తాండా. చాటుగా ఏ పూటకాపూట నాలుగు పోగులే, అందుకే ఇంకా కాలే," అంటూ చీర మీద ఒక చోట వేలు పెట్టి చూపించింది. నాకు ఏ తేడా కనిపించలేదు. ఆమెకు మాత్రం కనిపిస్తోంది.

"మరి దయ్యం?"

"నేను దయ్యమని ఎవరికీ చెప్పలే. అద్దె గదిలో మగ్గం పట్టదు, అందుకే ఈడికొచ్చి నేస్తా. మొదటిసారి కొనేవాళ్లు వచ్చినప్పుడు నేను మగ్గంలోనే ఉండా. తాళం తీసిన శబ్దం ఇని గుంతలోనే బిగుసుకుపోయినా, కాలు తొక్కుడు చెక్క మీద పడి మగ్గం ఆడింది. వాళ్లు పారిపాయిరి. వీధిలో వాళ్లే అత్త అనిరి. నేను అవునన్లే, కాదన్లే. అప్పటి నుంచి ఎవరన్నా చూసేకి వస్తాండారని తెలిస్తే, కావాలనే నాలుగు దెబ్బలు ఎక్కువ కొడతా."

నవ్వబోయి ఆగిపోయింది. ఆమె ఇక్కడ కూర్చుని నేసిన ప్రతి రోజూ తన సొంత ఇంట్లో దొంగలా కూర్చున్న రోజే అని ఆ మొహం చూస్తే తెలుస్తోంది.

"నువ్వు దయ్యం లేదంటే ఈ నెలే అమ్మేస్తారక్కా. నువ్వు చెప్తే నమ్ముతారంట. నీకు చేతులెత్తి మొక్కుతా, అబద్ధం చెప్పమన్లే. లేదని మాత్రం చెప్పద్దు."

ఆమె చేతులు పట్టుకుని దించాను. "నువ్వు నేయనప్పుడు ఎప్పుడన్నా మగ్గం ఆడిందా?" అని అడిగాను. ఎందుకడిగానో నాకే తెలియదు. అలవాటు.

ఆమె నాడె పక్కన పెట్టింది. "ఒకసారి," అంది. "జొరంతో అద్దె గదిలో పడుకోనుండా. గోడకు చెవి ఆనించి ఉంటే వినపడె. అత్త చెయ్యి నాకు తెలుసు గదక్కా. భయం కాలే. నా పని ఆగిపోకుండా ఆమె నేస్తాందనుకోని నిద్రపోయినా."

నేను బయటికి వచ్చేసరికి ఎండ పసుపు పచ్చగా దిగింది. అరుగు చుట్టూ వీధిలోవాళ్లు మూగి ఉన్నారు. మౌనిక ఫోను పట్టుకుని నిలబడింది.  ఎడిటర్ ముందుకొచ్చి గొంతు సవరించుకుని, "చెప్పండి మేడమ్, ఈ ఇంట్లో దయ్యం ఉందా, లేదా?" అన్నాడు. వెంకటేశు నా మొహం వైపు చూడలేక తాళంకప్పను చూస్తున్నాడు.

నేను ఫోను వైపు చూస్తూ ఒక్కొక్క మాటా స్పష్టంగా చెప్పాను.

"ఈ ఇంట్లో మగ్గం ఆడుతుంది. నా చెవులతో విన్నాను. ఈ ఇంట్లో ఒక ఆడమనిషి ఉంది. ఎవరు కొన్నా, ఎవరు అమ్మినా, ఆమె ఇల్లు ఖాళీ చేయదు. రాసుకోండి."

 ఒక ముసలాయన చెప్పులు విడిచి ఇంటికి దండం పెట్టాడు. ఎడిటర్ నా పక్కకొచ్చి పళ్లు బిగించి, "ఇదేం పని మేడమ్? మళ్లీ తీద్దాం, సరిగ్గా చెప్పండి," అన్నాడు. నేను ఒక్కసారే చెబుతానన్నాను. అయితే ఇంటర్వ్యూ వేయబోమన్నాడు. "వేయద్దు. నేను బతికేది బట్టలు కుట్టి, మీ పత్రికతో కాదు," అన్నాను. వెంకటేశు తాళం వేస్తుంటే తాళంచెవి రెండుసార్లు కిందపడింది. ఆయన దుర్మార్గుడని నేననుకోవడం లేదు. కానీ తల్లి ఆ గుంతలో ఎవరి చేతి గంజి తాగి బతికిందో ఆయన ఒక్కసారైనా అడిగి ఉంటే, తల్లికి భయపడాల్సిన పని ఉండేది కాదు.

స్టేషనుకు ఓబులేసు దింపాడు.  నేను దిగేటప్పుడు, "అక్కా, నువ్వు ఒక గంట ఆ ఇంట్లో ఎట్లుంటివి?" అని అడిగాడు. "ఆమె నీళ్లిచ్చింది," అన్నాను. అతను కారు తలుపు వేసుకుని వేగంగా వెళ్లిపోయాడు. ధర్మవరం నుంచి హిందూపురానికి సాయంత్రం రైళ్లుంటాయి. జనరల్ టికెట్టు బస్సు కంటే తక్కువే, కిటికీ పక్కన చోటు దొరికితే బస్సు కంటే హాయి. ప్లాట్‌ఫారం మీద మౌనిక నా పక్కన కూర్చుని చాలాసేపు కాళ్లూపింది.

"వీడియో డిలీట్ చేయమన్నారు సార్," అంది.

"నీ ఇష్టం."

"పొద్దున కొండ మీద మీరు చెప్పింది మా అమ్మకు చెప్పాలనిపించింది మేడమ్. మా అత్త ఒకామె అట్లే పోయింది. ఇప్పటికీ ఆమె పేరు ఇంట్లో ఎత్తనీరు." ఆ తర్వాత ఫోను తీసి ఏదో నొక్కింది. "పెట్టేశా. మా పేజీలోనే," అంది. నా రైలు వచ్చేలోపే ఎడిటర్ నుంచి ఆమెకు వరసగా ఫోన్లు. ఆమె ఎత్తలేదు. కొన్నాళ్లు ఆఫీసుకు రావద్దన్నాడట. ఆ వీడియో ఎంతమంది చూశారో తెలిశాక ఆయనే పిలిచాడట. నా ఇంటర్వ్యూ చివరికి సగం పేజీ వచ్చింది. వీరుడు, దయ్యం గురించి నేను చెప్పిన మాట అందులో ఉంది. తిరగబడిన గొడుగు ఫొటో కూడా ఉంది.

ఆ తర్వాత ఆ ఇల్లు చూడడానికి ఎవరూ రాలేదు. వెంకటేశు భార్యకు ఒంట్లో బాగాలేకపోతే, అత్త కోపం తగిలిందని ఆమే పట్టుబట్టిందట, ఇల్లు మరిదిగారి భార్యకు రాసిచ్చేయమని. పోయిన నెలలో రిజిస్ట్రేషన్ అయింది. నాగరత్న ఫోన్ చేసింది. వెనక నుంచి మగ్గం చప్పుడు వినిపించింది. నేర్చుకోవడానికి వచ్చే ఒకామె నేస్తోందట. "ముందు తలుపు తీసి పెట్టుకుంటాండానక్కా. ఇంక రాసుకో. మా బావ చదివినా చదవనీ," అంది. భయపెట్టి ఇల్లు తీసుకుందని ఎవరైనా అంటారేమోనని నేనంటే, "మొదట తాళమేసి భయపెట్టింది ఎవరంట?" అంది.

చూసింది చూసినట్టు రాస్తానని చెప్పుకునే మనిషివి, ఆ రోజు నిజం దాచావు కదా అని మీలో కొందరు కామెంట్లు పెడతారని తెలుసు. పెట్టండి. ఆ వీడియో మళ్లీ వినండి, అందులో అబద్ధం ఒక్కటి చూపించండి. నేను ఆడమనిషి అన్నాను. దయ్యం అనుకున్నది విన్నవాళ్లు. బతికున్న మనిషి ఇన్నాళ్లు ఆ ఇంట్లో మగ్గం ఆడిస్తుంటే, వీధిలో ఒక్కరికి కూడా ఆమె అయి ఉంటుందన్న ఆలోచన రాలేదు. చచ్చిపోయిన అత్త నేస్తోందంటే సులువుగా నమ్మారు. ఒంటరి కోడలు తన ఇంటి కోసం నిలబడిందంటే ఎవరి ఊహకూ అందలేదు. ఇన్నేళ్లుగా నేను తిరిగిన చోట్లన్నీ ఇప్పుడు మళ్లీ ఒకసారి తిరగాలనిపిస్తోంది. అక్కడ వినిపించిన శబ్దాల్లో ఎన్ని నిజంగా బతికున్నవాళ్లవో. జ్వరంలో నాగరత్న విన్న చప్పుడు ఏమిటో నాకు తెలియదు. అది నేను అర్థం కానివాటిలోనే రాసుకున్నాను, అక్కడే ఉంచుతాను.

మీరు ఇలాంటి ప్రయాణం పెట్టుకుంటే ఒక్క సలహా. దయ్యముందని చెప్పే పాత ఇంటికి వెళ్లినప్పుడు నేరుగా లోపలికి పోకండి. ముందు తలుపు తట్టి, మీ పేరు చెప్పి, రావచ్చా అని అడగండి. బయట తాళం వేసి ఉన్నా సరే.